ఎర్రచుక్క పడని చేతులు

మిషన్ పాడైపోయిందనుకుంది డాక్టర్ తన్మయి.

కొర్లమ్మ రెండు చేతులూ టేబుల్ మీద పరిచి కూర్చుంది. పైనుంచి వేలాడుతున్న స్కిన్ సోనార్ సన్నగా కూత పెడుతోంది. తన్మయి ఆమె వేళ్లు విడదీయించింది, అరచేతులు తిప్పించింది, మణికట్టు, మోచెయ్యి, చంకలు, నడుము దాకా వెతికింది. ఎక్కడా ఒక్క ఎర్రచుక్క పడలేదు. పచ్చదీపం మాత్రం నిమ్మళంగా వెలుగుతూనే ఉంది.

"కాస్త పక్కన నిలబడండమ్మా," అని, వరసలో తర్వాత ఉన్న కాలనీ ప్రెసిడెంటు ఎల్లాజీని రమ్మంది. ఎల్లాజీ చెయ్యి ఇలా పెట్టాడో లేదో, వేళ్ల సందుల్లో ఎర్రచుక్కలు బిలబిలమంటూ వచ్చి పడ్డాయి. మిషన్ శుభ్రంగా పనిచేస్తోందన్నమాట.

"అమ్మా, మీరు మళ్లీ కూర్చోండి," అంది తన్మయి. ఆ గొంతులో ఆత్రం ఎల్లాజీకి కూడా వినిపించింది. ఎందుకు వినిపించదు? రెండు వారాలుగా కాలనీలో ప్రతి చెయ్యీ చూస్తోంది. పసిపిల్లలు, పండు ముసలివాళ్లు, కొత్త పెళ్లికూతుళ్లు, ఎవరిని చూసినా ఎరుపే. మొత్తం కాలనీలో గజ్జి లేని మనిషి ఇప్పటికి ఒక్కరు దొరికారు.

గజ్జి అనగానే మీలో కొందరికి నవ్వొస్తుంది. రానివ్వండి. రోజల్లా గోక్కుంటూ, గోక్కున్నచోట పుండుపడి, నిద్రలేక ఏడ్చే పిల్లను ఎత్తుకుని తిరిగినవాళ్లకి రాదు. ఇది ఎనిమిది కాళ్ల పరాన్నజీవి పని. కంటికి ఆనీ ఆననట్టుగా ఉంటుంది. ఆడపురుగు చర్మం పైపొరలో సొరంగం తవ్వుకుంటూ, దారి పొడుగునా గుడ్లు పెట్టుకుంటూ పోతుంది. ఒంటికి ఒళ్లు తగిలితే చాలు, ఈ మనిషి నుంచి ఆ మనిషికి నడిచి వెళ్లిపోతుంది. వెనకటికి డాక్టర్లు చర్మాన్ని బ్లేడుతో గీరి మైక్రోస్కోప్ కింద చూసేవారు. ఒళ్లు మొత్తం మీద పది పన్నెండు పురుగులే ఉంటాయి కాబట్టి, గీరినచోట దొరక్కపోతే 'ఏమీ లేదు పో' అని పంపేసేవారు. దురద మాత్రం రోగితోపాటే ఇంటికి వెళ్లేది.

స్కిన్ సోనార్ ఆ బాధ తప్పించింది. చెవికి అందని శబ్దాన్ని చర్మంలోకి పంపుతుంది. పురుగు పెంకుకు తగిలి వెనక్కి వచ్చిన ప్రతిధ్వనిని పట్టుకుని, సరిగ్గా ఆ పురుగు ఉన్నచోట చర్మం మీద ఒక ఎర్రచుక్క వెలుగు పడేలా చేస్తుంది. తన్మయి ఇదంతా వివరిస్తే ఎల్లాజీ తల ఊపాడు.

"అంటే మా బోటు మీద సేపలు సూపించే మిషను లాటిదే కదమ్మా."

"అదేనండి. సముద్రం బదులు చర్మం."

ఆ సముద్రం సంగతి కూడా చెప్పాలి. అది ముందుకొచ్చి తీరంలోని ఊళ్లను ఒక్కొక్కటిగా మింగేశాక, ప్రభుత్వం ఆ ఊళ్ల జాలరులందరినీ తెచ్చి లోపలెక్కడో కాలనీ కట్టి పెట్టింది. తీరవాసుల కాలనీ అని బోర్డు. అక్కణ్ణుంచి తీరం కనబడదు. ఎటు చూసినా ఎత్తయిన బ్లాకులు, గదికి ఆరుగురు, మాఘమాసంలోనే ఉడకబోత, రోజు విడిచి రోజు నీళ్లు. ఇలాంటిచోటికి గజ్జి రాకపోతేనే ఆశ్చర్యం.

మందు లేదా అంటే, నిక్షేపంగా ఉంది. మెడ నుంచి అరికాలి దాకా పూసుకుని ఒక రోజంతా చెరిపేయకుండా ఉంచుకుంటే పురుగు చస్తుంది. చిక్కల్లా ఏమిటంటే, ఈ ఇంటివాళ్లు ఇవాళ పూసుకుంటారు, పక్కింటివాళ్లు పైవారం పూసుకుంటారు. ఈలోపు పిల్లలు ఒకళ్ల మీద ఒకళ్లు పడి ఆడుకుంటారు, ఆడవాళ్లు మెట్ల మీద వరసగా కూర్చుని ఒకరి తలలో ఒకరు పేలు చూసుకుంటారు, మగవాళ్లు భుజాల మీద చేతులేసుకుని టీకొట్టుకు పోతారు. ఇక్కడ చచ్చిన పురుగు అక్కణ్ణుంచి మళ్లీ వస్తుంది. కాలనీ మొత్తం ఒకేరోజు పూసుకుని, ఆ ఒక్కరోజు ఎవరినీ ముట్టుకోకుండా ఉంటే పీడ విరగడైపోతుందని తన్మయి నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది.

ఎల్లాజీ పకపకా నవ్వేశాడు. "రోజల్లా ఒకల్నొకలు ముట్టుకోకుండా మనిసన్నోడు ఉండగలడేటమ్మా? అయ్యే పని సెప్పు."

అది అయ్యే పని కాదని తేలాకే ఆమె టీకా మీద పడింది. టీకాకు ముందు గజ్జిని తట్టుకోగల శరీరం ఒకటి దొరకాలి. ఇదిగో, దొరికింది.

"మీకు గజ్జి ఎప్పుడైనా వచ్చిందా అమ్మా?" అని అడిగింది.

కొర్లమ్మ తల దించుకుంది. జవాబు ఎల్లాజీ చెప్పాడు. "రాకేం డాక్టరమ్మా! ఈ కాలనీలో మొదటి ఎరుపు ఆవిడిదే."

పాపం, అది నిజమే. ఆరేళ్ల కిందట కాలనీ కొత్తలో, ఈ మిషన్ మొదటి రకాన్ని వేరే బృందమెవరో తెచ్చి హాల్లో అందరి ముందూ పెట్టారు. చెయ్యి పెట్టమంటే అందరూ జంకుతుంటే కొర్లమ్మ ముందుకొచ్చింది. ఆవిడకు జంకేమిటి? పసిపిల్లలకు నీళ్లుపోసే మనిషి. కాళ్లు బారచాపి పిల్లను కాళ్ల మీద పడుకోబెట్టుకుని, నూనె రాసి, నలుగుపెట్టి, గోరువెచ్చని నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ వేసి తల్లి చేతికి ఇచ్చేది. తనకు పిల్లల్లేరు గానీ అక్కడున్న కుర్రకారులో సగంమంది ఆమె కాళ్ల మీద ఏడ్చినవాళ్లే. అన్ని ఇళ్ల పిల్లలనూ ఎత్తిన చేతులు కాబట్టి, దీపం పడగానే ఆ చేతులు రెండూ ఎర్రటి చుక్కలతో నిండిపోయాయి. ఎవరో ఫొటో తీశారు. 'గజ్జిని గుర్తించండి' అని ఆ చేతులే పోస్టరై ప్రతి బ్లాకు గోడమీదా వెలిశాయి.

మందు పూసుకుంటే వారం తిరక్కుండా కొర్లమ్మకు తగ్గిపోయింది. తగ్గిన చేతులను ఫొటో తియ్యడానికి ఎవరూ రాలేదు.

అప్పట్నుంచి ఆమె మెట్ల మీద వచ్చి కూర్చుంటే పక్కవాళ్లకు ఏదో పని గుర్తుకొచ్చేది. పిల్లలు దగ్గరకొస్తే తల్లులు కేకేసి పిలిచేవారు. మొగుడు పోయిన మనిషి, ఒంటిగది, తలుపు తెరిచే ఉంచేది. లోపలికి వచ్చేది గాలి ఒక్కటే. కొన్నాళ్లకు ఆ పోస్టర్లు ఎండకు వెలిసి రాలిపోయాయి. తర్వాత గజ్జి అందరికీ వచ్చింది. అయినా దాని పేరు ఆమెదే. ఇంత అన్యాయం ఉంటుందా అంటే, మీ వీధిలో కూడా వెతకండి, ఉంటుంది.

తన్మయి ఆమె గదికి వెళ్లి చాలా ప్రశ్నలు అడిగింది. ఏ సబ్బు, ఏ నూనె, ఏ నీళ్లు, ఏం తింటారు, వేప వాడతారా, పసుపు రాసుకుంటారా. కొర్లమ్మ అన్నిటికీ ఓపిగ్గా చెప్పింది.

"నా నెత్తురు తీసుకో డాక్టరమ్మా, నీకెంత కావాలంటే అంత. నాకొక్కటి సెయ్యి. ఈవిడికి గజ్జి నేదు అని మీటింగులో అందరి ముందూ నీ నోటితో ఒక్కమాట సెప్పు. ఒక్క గుంటడినైనా మళ్లా ఎత్తుకోవాల. మరేటీ వద్దు."

తన్మయి నోటుపుస్తకం మూసింది. "తప్పకుండా చెబుతానమ్మా," అంది.

చెప్పింది కూడా. "కొర్లమ్మగారికి గజ్జి లేదు. వీరి రక్తంలో గజ్జిని నిలవనివ్వని రక్షణ ఉండే అవకాశం ఉంది. ఒకసారి వచ్చి తగ్గినవాళ్లలో అరుదుగా అలా జరగవచ్చు. ఇంకా ఖాయంగా తెలీదు," అని ఎంతో జాగ్రత్తగా, కొలిచి మాట్లాడింది. ఏం లాభం? ఆ మాట హాలు దాటి మూడో అంతస్తు ఎక్కేసరికి అనుమానాలన్నీ రాలిపోయాయి. అయిదో అంతస్తులో రక్తం కాస్తా చెయ్యి అయింది. పై అంతస్తుకు చేరేసరికి, కొర్లమ్మ చెయ్యి తగిలితే గజ్జి పారిపోతుందని స్థిరపడిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఆమె గుమ్మంలో నూకరత్నం నిలబడి ఉంది. చంకలో ఆరు నెలల కొడుకు. నూకరత్నానికి కూడా పసితనంలో నీళ్లుపోసింది కొర్లమ్మే. ఈ ఆరేళ్లలో కళ్లు కలపకుండా పక్కనుంచి పోయినవాళ్లలో నూకరత్నమూ ఉంది.

"పెద్దమ్మా, బుడ్డోడికి నీళ్లోస్తావేటి?"

కొర్లమ్మ పొయ్యి మీద నీళ్లు పెట్టింది. చాప పరిచింది, కాళ్లు చాపింది. నూనె రాస్తుంటే పిల్లవాడు కేరుమన్నాడు. ఆమె ఏడుస్తూ నవ్వుతూ, "ఏడు, బాగా ఏడు, మీ అమ్మా ఇలాగే ఏడిసీది," అంది. మధ్యాహ్నానికి గుమ్మం ముందు చంటిపిల్లల తల్లులు బారులు తీరారు.

తన్మయి ఈ సంగతి తెలిసి సంబరపడింది. ఎర్రచుక్కల పిల్లలను రోజూ ఎత్తుకుంటున్నా కొర్లమ్మకు పచ్చదీపమే వెలిగితే రక్షణ రుజువైనట్టే. అదే మాట ఢిల్లీలోని పరిశోధక మండలికి రాసింది. మీరే వచ్చి చూడండి, అందరి ముందూ పరీక్ష చేస్తాను అని కూడా రాసింది. అంత చదివిన మనిషి, అన్ని ప్రశ్నలు వేసిన మనిషి, 'అమ్మా, మిమ్మల్ని ఆఖరిసారి ఎవరు ముట్టుకున్నారు?' అని ఒక్కటి అడగలేదు. తప్పు పట్టకండి. రక్తంలో ఉందనుకున్నదాన్ని ఎవరైనా రక్తంలోనే వెతుకుతారు.

నెల గడిచింది. కొర్లమ్మకు తల దువ్వేవాళ్లు వచ్చారు. మెట్ల మీద వరసలో చోటు దొరికింది. తలలో ఎవరిదో చెయ్యి తిరుగుతుంటే ఆమెకు కళ్లు మూతలు పడేవి. 'ఈ బతుకు ఇలాగే సాగనీ తల్లీ' అని రోజూ మొక్కుకునేది.

అలాంటి రోజుల్లో, ఒక మధ్యాహ్నం అన్నం తింటుంటే ఎడమచేతి వేళ్ల సందులో దురద పుట్టింది.

ఆ దురద ఆమెకు తెలుసు. నూనె పడలేదేమో అనుకుంది, చెమటకాయ అనుకుంది. మూడురోజులకు మణికట్టు మీద కూడా మొదలయ్యాక ఇంక అనుకోవడానికేమీ మిగల్లేదు. ఎవరూ చూడకుండా గోక్కునేది, పైకి నవ్వుతూ పిల్లలకు నీళ్లుపోసేది. ఈ సంగతి బయటపడితే మళ్లీ ఆ తెరిచిన తలుపు, ఆ గాలి. మందు తెచ్చుకుందామంటే ఇచ్చేది తన్మయే. ఆ పిల్ల మిషన్ పెట్టకుండా వదులుతుందా?

ఢిల్లీవాళ్లు వచ్చే రోజు పొద్దున నూకరత్నం పరుగెత్తుకొచ్చింది. ఎత్తుకున్న కొడుకు ఒళ్లు కాలిపోతోంది. చేతులమీదా పొట్టమీదా గోక్కున్న పుళ్లు చీము పట్టాయి.

"సూడు పెద్దమ్మా, ఎలాగైపోనాడో! ఇంకోపాలి నీళ్లోయి. నీ సెయ్యి తగిల్తే తగ్గిపోద్ది."

"మందు రాయనేదేటే?"

"మందెందుకు, నువ్వుండగా? మా బ్లాకులో ఎవులూ రాయట్నేదు. సీసాలన్నీ అటక మీదే ఉన్నాయి."

కొర్లమ్మ తన చేతులవైపు చూసుకుంది, పిల్లవాడివైపు చూసింది. ఇంతమంది పిల్లలను ఎత్తుకునే సుఖం కోసం తాను నోరు మూసుకుంటే, వాళ్ల తల్లులు మందు అటకెక్కించారు. ఛీ, అనుకుంది. తనమీద తనకే ఒళ్లు మండిపోయింది.

"ముందు గుంటణ్ణి డాక్టరమ్మకి సూపించు. పద, నానూ వస్తన్నాను."

హాలు కిటకిటలాడుతోంది. తన్మయి ముందుగా పిల్లవాణ్ణి చూసి, జ్వరానికి సూది వేసి, పుళ్లకు మందు పెట్టింది. ఢిల్లీ నుంచి వచ్చిన ముగ్గురు పెద్దలు ముందు కుర్చీల్లో ఉన్నారు. ఎల్లాజీ కొర్లమ్మకు పూలదండ వెయ్యబోతే ఆమె వద్దని చెయ్యి అడ్డం పెట్టింది.

"కొర్లమ్మగారూ, చేతులు పెట్టండి," అంది తన్మయి చిరునవ్వుతో.

కొర్లమ్మ ఒక్క క్షణం అందరినీ చూసుకుంది. తరవాత చేతులు రెండూ దీపం కింద పెట్టింది.

ఎర్రచుక్కలు పడ్డాయి. వేళ్ల సందుల్లో, మణికట్టు మీద, అరచేతి అంచున.

దగ్గరగా నిలబడ్డవాళ్లు తమకు తెలియకుండానే ఒక అడుగు వెనక్కి వేశారు. మిషన్ పాడైందేమో అన్న మాట ఈసారి తన్మయి నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"మిషను మంచిదే డాక్టరమ్మా," అంది కొర్లమ్మ. "పది రోజుల్నుంచి గోక్కుంటన్నాను. బయమేసి సెప్పనేదు. నా సేతిలో ఏ మహిమా నేదు. నా నెత్తురూ మీ నెత్తురు లాటిదే. ఆరేళ్లు నన్నెవులూ ముట్టుకోనేదు, అందుకని గజ్జి రానేదు. ఇప్పుడు ముట్టుకున్నారు, వచ్చినాది. అంతే. నాకాడికి రాకపోతే మానీయండి. అటక మీద సీసాలు దించి గుంటలకి మందు రాయండి."

చేతులు వెనక్కి తీసుకోబోయింది. అంతలో ఇంకో చెయ్యి వచ్చి ఆ దీపం కిందే ఆమె చేతిని పట్టుకుంది. నూకరత్నం. ఆమె చేతిమీదా చుక్కలు పడ్డాయి. రెండు చేతులూ కలిసి ఎర్రగా అయ్యాయి. అందులో ఏ చుక్క ఎవరిదో చెప్పడం మిషన్ వల్ల కూడా కాదు.

"నా గుంటడి గజ్జే నీకొచ్చింది పెద్దమ్మా," అంది నూకరత్నం. "మేం ఇచ్చిందానికి మేమే ఎనక్కి తగ్గుతామేటి?" అంటూ జనం వైపు చూసిన చూపుకు వెనక్కి వేసిన అడుగులు కొన్ని ముందుకు వచ్చాయి. అన్నీ రాలేదు. కొన్ని వచ్చాయి.

ఢిల్లీ పెద్దల్లో ఒకాయన నెమ్మదిగా అడిగాడు. "అయితే డాక్టర్, ఆరేళ్లు ఈవిడకు రక్షణ ఇచ్చిన అంశం ఏమిటి?"

"ఎవరూ ముట్టుకోలేదు సార్," అంది తన్మయి.

"అది సరే. రిపోర్టులో ఏమని రాయమంటారు?"

తన్మయికి సిగ్గేసింది. కొర్లమ్మ దగ్గరికి వెళ్లి, "అమ్మా, నేను అడగవలసింది అడగలేదు. క్షమించండి," అంది. తర్వాత జనం వైపు తిరిగి పాత మాటే మళ్లీ చెప్పింది: అందరూ ఒకేరోజు, ఆ ఒక్కరోజు ఎవరూ ఎవరినీ ముట్టుకోకుండా. ఈసారి ఎల్లాజీ నవ్వలేదు. చేతిలో మిగిలిపోయిన పూలదండను ఎక్కడ పెట్టాలో తెలీక కాసేపు అటూ ఇటూ చూసి, "వచ్చే ఆదివారం," అన్నాడు.

ఆ ఆదివారం కాలనీని మీరు చూసి ఉండాల్సింది. తెల్లారకముందే అందరూ మెడ నుంచి అరికాళ్ల దాకా తెల్లటి మందు పూసుకున్నారు. పాలిచ్చేటప్పుడు తప్ప తల్లి పిల్లను తాకకూడదు. మొగుడూ పెళ్లాం చెరో మూల. టీకొట్టు దగ్గర మగవాళ్లు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో దోపుకున్నారు. మెట్ల మీద ఆడవాళ్లు మెట్టు వదిలి మెట్టు కూర్చున్నారు గానీ కబుర్లు సాగలేదు. పొద్దున్న నవ్వులాటగా ఉంది. మధ్యాహ్నానికి విసుగొచ్చింది. సాయంత్రానికి పెద్ద పెద్ద మగాళ్లు కూడా ఊరికే చిరాకుపడి ఒకరిమీద ఒకరు అరుచుకోవడం మొదలుపెట్టారు.

కొర్లమ్మ కూడా మందు పూసుకుని తన గుమ్మంలో కూర్చుంది. వరండాలో నాలుగు బారల దూరంలో నూకరత్నం. జ్వరం తగ్గిన పిల్లవాడు ఊయలలో పడుకుని, ఎత్తుకోమని రెండు చేతులూ చాపి ఏడుస్తున్నాడు. నూకరత్నం ఊయల తాడు లాగుతోంది, పాట పాడుతోంది, వాడు మాత్రం ఊరుకోవడంలేదు. ఆఖరికి ఆమె కూడా తల్లడిల్లి ఏడ్చేసింది.

"ఒక్కరోజే కదా అనుకున్నాను పెద్దమ్మా. పొద్దు కుంకకముందే పిచ్చెక్కిపోతంది. ఒళ్లంతా ఎవులో నన్ను ఇడిసిపెట్టేసినట్టుంది." కళ్లు తుడుచుకోబోయి, మందు చెరిగిపోతుందని చెయ్యి ఆపేసుకుంది. అప్పుడు ఏదో తట్టినట్టు కొర్లమ్మ వైపు తిరిగింది. "ఆరేళ్లు నువ్వెలాగున్నావే?"

వరండాలో మిగతావాళ్లు కూడా కొర్లమ్మ వైపు చూశారు.

కొర్లమ్మ ఊయలలో పిల్లవాణ్ణే చూస్తూ కూర్చుంది.

"రేపు పెందలాడే ఆణ్ణి తే," అంది. "నీళ్లు కాగబెట్టి ఉంచుతాను."